వాగు చేపల కూర్పు: పరిసరాల నిర్ణయమా, యాదృచ్ఛికమా?

ఒకే కొండ నుంచి దిగే రెండు వాగుల్లో నీటి వేగం, లోతు, అడుగున ఉండే రాయీ ఇసుకా ఇంచుమించు ఒకేలా ఉన్నా, ఒకదాంట్లో దొరికే చేపలు రెండోదాంట్లో దొరక్కపోవచ్చు. దొరికినా వాటి పాళ్లు మారవచ్చు. అదే వాగులో పదేళ్ల తర్వాత వల వేస్తే నిన్నటి ముఖ్య జాతి అడుగుకు జారి, ఊసులో లేని జాతి పైకి వచ్చి ఉండవచ్చు. ఈ తేడాలన్నిటికీ పరిసరాల్లోనే కారణం దొరుకుతుందా? లేక ఏ చేప ముందు చేరింది, ఏ ఏటి వరద ఏ గుడ్లను కొట్టుకుపోయింది వంటి, ముందుగా లెక్క కట్టలేని సంగతులకూ వాటా ఉందా?

జీవావరణ శాస్త్రంలో ఈ ప్రశ్న వయసు నూరేళ్ల పైమాటే. వాగు చేపల విషయంలో అది 1982లో పెద్ద వివాదమైంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో కొలతలు పెరిగాయి, గణిత నమూనాలు పెరిగాయి, వాటితోపాటు గందరగోళమూ పెరిగింది. ఒకరు యాదృచ్ఛికం అన్నదాన్నే మరొకరు పరిసరం అంటున్నారు. ఎవరు ఏమన్నారు, ఎక్కడ ఏకీభవించారు, ఇంకా తేలనిది ఏమిటి అన్నవి ఒకచోట పెట్టి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం.

పూర్వరంగం

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో చేపల సేకరణలను పరిశీలించిన స్టీఫెన్ ఫోర్బ్స్ 1907లో ఒక లెక్క ప్రతిపాదించాడు. రెండు జాతులకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకపోతే ఎన్ని చోట్ల కలిసి దొరకాలి, నిజానికి ఎన్ని చోట్ల దొరుకుతున్నాయి అని పోల్చాడు. ఇవాళ నల్ మోడల్ పేరుతో వాడుతున్న పద్ధతికి ఇదే తొలి రూపాల్లో ఒకటి. యాదృచ్ఛికతను కొలబద్దగా నిలబెట్టి, దాన్నుంచి వాస్తవం ఎంత దూరం జరిగిందో చూడడం అందులోని ఆలోచన.

మొక్కల మీద మరో వాదం మొదలైంది. మొక్కల సముదాయానికి జీవి లాంటి కట్టుబాటు ఉంటుందని, అది నిర్ణీత క్రమంలో ఎదుగుతుందని ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో రాశాడు. ఏ జాతి తీరు దానిదే, కలిసి కనిపించడం చాలావరకు కాకతాళీయమని హెన్రీ గ్లీసన్ 1926లో బదులిచ్చాడు. 1959 తర్వాత జి.ఇ.హచిన్సన్ ప్రభావంతో జాతుల మధ్య పోటీయే సముదాయాన్ని తీర్చిదిద్దుతుందన్న అభిప్రాయం బలపడింది. 1975లో జేరెడ్ డైమండ్ న్యూగినీ ప్రాంతపు దీవుల పక్షులను చూసి కూర్పు నియమాలు చెప్పాడు. అలాంటి నమూనాలు యాదృచ్ఛికంగానూ పుడతాయని 1979లో కానర్, సింబర్లాఫ్ సవాలు చేశారు.

వాగుల మీద మాత్రం 1970ల చివరిదాకా క్రమబద్ధమైన చిత్రమే చెలామణి అయింది. ఇండియానా, పనామా వాగుల్లో లోతు, వేగం, అడుగు ఎంత వైవిధ్యంగా ఉంటే చేపల జాతులు అంత ఎక్కువని గోర్మన్, కార్ 1978లో చూపారు. కొండ మీది పిల్లవాగు నుంచి మైదానపు పెద్ద నది దాకా జీవుల కూర్పు క్రమంగా మారుతుందని 1980లో వాన్నోట్ బృందం ప్రతిపాదించింది. పరిసరాన్ని కొలిస్తే చేపలను ఊహించవచ్చన్న ధీమా అప్పటిది.

1982: ఓటర్ క్రీక్ పేపర్

ఇండియానాలోని ఓటర్ క్రీక్ అనే వాగులో జాన్ విటేకర్ 1962 నుంచి 1974 దాకా సేకరించిన చేపల లెక్కలను గ్యారీ గ్రాస్‌మన్, పీటర్ మోయిల్ ఆయనతో కలిసి విశ్లేషించారు. ‘అమెరికన్ నేచురలిస్ట్’ పత్రికలో 1982లో వచ్చిన ఆ పేపర్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: సముదాయాన్ని పోటీ, వేట, ఆవాసం నిర్ణయిస్తుంటే ఏ జాతి ఎక్కువ, ఏ జాతి తక్కువ అన్న వరస ఏటేటా నిలకడగా ఉండాలి. అలా ఉందా?

లేదని వాళ్ల జవాబు. వరసలు మారుతూ పోయాయి. వరదలు, కరువులు జాతుల సంఖ్యను అటూ ఇటూ విసురుతుంటే పోటీ తేలేంత వ్యవధి ఉండదని, ఇలాంటి వాగుల్లో కూర్పును ఎక్కువగా నడిపేది యాదృచ్ఛికతేనని వాళ్లు వాదించారు.

రెండేళ్లకే అదే పత్రికలో మూడు ఖండనలు వచ్చాయి. హెర్బోల్డ్, వాళ్లు ఎంచుకున్న నమూనా సరిపోతుందా అని నిలదీశాడు. సముదాయం అంటే ఏ జాతులను లెక్కలోకి తీసుకున్నామన్న దాన్ని బట్టే ఫలితం మారుతుందని రాహెల్, లయన్స్, కాక్రన్ చూపారు. ఎప్పుడో ఒకటీ అరా దొరికే అరుదైన జాతులను కలిపితే వరస తారుమారవుతుంది. వాటిని పక్కన పెడితే నిలకడ కనిపించవచ్చు. యాంట్, కార్, ఆంగర్‌మయర్ అవే లెక్కలకు వేరే వ్యాఖ్యానం ఇచ్చారు. 1985లో గ్రాస్‌మన్ బృందం తిరిగి జవాబిచ్చింది.

ఈ గొడవ అప్పట్లో అంత వేడెక్కడానికి ఒక ఆచరణాత్మక కారణం ఉంది. ఖండించినవారిలో ఒకడైన జేమ్స్ కార్ 1981లోనే వాగు ఆరోగ్యాన్ని చేపల కూర్పు ద్వారా అంచనా కట్టే సూచిక రూపొందించాడు. కాలుష్యం లేని వాగులో ఏ రకం చేపలు ఎంత పాళ్లలో ఉండాలో ముందే తెలుసునన్నది ఆ సూచికకు పునాది. కూర్పు యాదృచ్ఛికమే అయితే ఆ పునాది కదులుతుంది. జాతులు తగ్గిపోతే దానికి ఫ్యాక్టరీ వ్యర్థాలు కారణమో, మామూలు హెచ్చుతగ్గులు కారణమో తేల్చలేం.

ఏళ్ల తరబడి కొలతలు చెప్పినవి

నిలకడ గురించి తీర్పు చెప్పాలంటే ఆ జీవులు కనీసం ఒక తరం పూర్తిగా మారేంత కాలం చూడాలని కానెల్, సౌసా 1983లో హెచ్చరించారు. ఆ తర్వాత పరిశోధకుల దృష్టి దీర్ఘకాలిక రికార్డుల మీదకు మళ్లింది.

కాలిఫోర్నియాలోని మార్టిస్ క్రీక్‌లో చేపల కూర్పు నిలకడగా, ఒక నిర్మాణంతో ఉందని 1985లో ఒక పేపర్ చెప్పింది. రాసింది మోయిల్, వాండ్రాచెక్. మూడేళ్ల ముందు ఓటర్ క్రీక్ యాదృచ్ఛికమని సంతకం చేసిన మోయిలే ఈ మోయిల్. ఇది మాట మార్చడం కాదు. వాగు మారింది కాబట్టి ఫలితం మారింది. కానీ అదే మార్టిస్ క్రీక్‌ను ఇంకొన్నేళ్లు కొలిచాక, 1992లో స్ట్రేంజ్, మోయిల్, ఫోయిన్ చిత్రాన్ని మరో మెలిక తిప్పారు. యూరప్ నుంచి తెచ్చి వదిలిన బ్రౌన్ ట్రౌట్ శరత్కాలంలో గుడ్లు పెడుతుంది; చలికాలం వరద వస్తే అవి కొట్టుకుపోతాయి. రెయిన్‌బో ట్రౌట్ వసంతంలో పెడుతుంది కాబట్టి ఆ వరద దాన్ని అంతగా తాకదు. వరద ఏ నెలలో వస్తుందన్నది అదృష్టం. వచ్చాక ఎవరు గెలుస్తారన్నది ఆ చేపల జీవన క్రమాన్ని బట్టి తేలే విషయం. ఒకే వాగులో రెండూ పనిచేస్తున్నాయి.

ఓక్లహోమాలోని బ్రయర్ క్రీక్‌ది మరో పాఠం. అది వరదకూ కరువుకూ గురయ్యే కఠినమైన వాగు. ఆర్కన్సాస్ కొండల్లోని పైనీ క్రీక్ దానికంటే నెమ్మది. రెంటినీ పోల్చిన రాస్, మాథ్యూస్, ఎచెల్ 1985లో రెండింటిలోనూ జాతులు చాలావరకు నిలిచి ఉన్నాయని చెప్పారు. 1982 డిసెంబరులో పైనీ క్రీక్‌ను పెద్ద వరద ముంచెత్తింది. మరుసటి వేసవికల్లా చేపల కూర్పు పాత తీరుకు చేరుకుందని మాథ్యూస్ 1986లో రాశాడు.

బ్రయర్ క్రీక్ మడుగుల్లోకి తొంగి చూస్తే ఇంకొంత తెలుస్తుంది. కొన్ని మడుగుల నిండా పచ్చగా నాచు ఉంటుంది. పక్క మడుగులో రాయి నున్నగా, ఖాళీగా ఉంటుంది. నాచును గీరి తినే స్టోన్‌రోలర్ అనే చిన్న చేప ఉన్నచోట రాయి బోసిపోతుంది. బాస్ అనే వేట చేప ఉన్న మడుగులోకి ఆ చిన్న చేప రాదు, కాబట్టి నాచు పెరుగుతుంది. మేరీ పవర్, మాథ్యూస్, స్టువర్ట్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో ఒక మడుగుకు నిలువునా కంచె కట్టి ఒక సగంలో స్టోన్‌రోలర్లను వదిలారు. కొన్ని వారాల్లో ఆ సగంలో నాచు తరిగిపోయింది. బాస్‌ను తెచ్చి వదలగానే స్టోన్‌రోలర్లు లోతు తక్కువ అంచులకు చేరాయి, నాచు తిరిగి పెరిగింది. ఇంత బలమైన కార్యకారణ సంబంధాన్ని యాదృచ్ఛికం అనలేం. అయితే వరద వచ్చినప్పుడల్లా ఏ మడుగులో బాస్ మిగులుతుంది, ఏ మడుగు స్టోన్‌రోలర్‌కు దక్కుతుంది అన్నది మారిపోతుంది.

నాలుగు వాదాలు

1990ల నుంచి వాదాలు నాలుగు పాయలుగా స్పష్టపడ్డాయి.

*జల్లెడ వాదం.* ఒక ప్రాంతంలోని మొత్తం జాతుల్లోంచి పరిసరం దశలవారీగా వడకట్టి, తట్టుకోగలిగినవాటినే వాగులో మిగులుస్తుందని ఎన్.లెరాయ్ పాఫ్ 1997లో సూత్రీకరించాడు. వాతావరణం, లోయ, వాగు ముక్క, చివరికి రాయి కింది చోటు: ఒక్కొక్కటీ ఒక్కో జల్లెడ. దీనికి ముందే 1995లో పాఫ్, అలన్ విస్కాన్సిన్, మిన్నెసోటాల్లోని 34 చోట్ల చేపలను పరిశీలించారు. ప్రవాహం నిలకడ లేని చోట్ల ఏదైనా తిని ఎక్కడైనా బతికే చేపలు, నిలకడ ఉన్నచోట ప్రత్యేకమైన తిండి, ప్రత్యేకమైన శరీరం గల చేపలు ఎక్కువగా కనిపించాయి.

*పరస్పర చర్యల వాదం.* పోటీ, వేట కూర్పును నిర్ణయిస్తాయంటుంది. బ్రయర్ క్రీక్ దీనికి బలమైన సాక్ష్యం. కానీ నార్త్ కెరొలైనాలోని కొవీటా వాగులో పదేళ్లు చూసిన గ్రాస్‌మన్ బృందం, పోటీ కంటే ప్రవాహపు హెచ్చుతగ్గుల ప్రభావమే ఎక్కువని 1998లో తేల్చింది.

*తటస్థ వాదం.* స్టీఫెన్ హబెల్ 2001లో తన పుస్తకంలో చేసిన ప్రతిపాదన ఇది. ఒకే ఆహార స్థాయి జాతులన్నీ సమానమేనని, పుట్టుక, చావు, వలస వంటి యాదృచ్ఛిక సంఘటనలతోనే వైవిధ్యాన్ని వివరించవచ్చని అంటుంది. 2008లో ‘నేచర్’లో మునీపీరకుల్ బృందం ఈ నమూనాను మిసిసిపీ-మిస్సోరీ నదీ వ్యవస్థకు వర్తింపజేసింది. ఏ ఉపపరీవాహకంలో ఎన్ని జాతులు, దూరం పెరిగే కొద్దీ పోలిక ఎలా తగ్గుతుంది అన్న విషయాలను అది బాగానే పునఃసృష్టించింది. కాకపోతే ఆ నమూనాలో ఒక్కో చోట ఎన్ని చేపలు పట్టగలవన్నది నీటి పరిమాణాన్ని బట్టే నిర్ణయించారు. అంటే ఏ జాతి అన్నదాన్ని యాదృచ్ఛికతకు వదిలేశారు గానీ, ఎంత చోటు అన్నదాన్ని పరిసరానికే అప్పగించారు.

*నదీజాల వాదం.* వాగులు చెట్టు కొమ్మల్లా చీలుతాయి. చేప నీటి దారి వెంటే పోవాలి. కొమ్మల ఆకారమే వలసనూ, ఒకచోట అంతరించిన జాతి తిరిగి రావడాన్నీ శాసిస్తుందని విలియం ఫేగన్ 2002లో చూపాడు. కొస కొమ్మలోని పిల్లవాగుకు చేరేవి తక్కువ, పోతే తిరిగొచ్చే దారీ తక్కువ. దిగువ సంగమాలకు నాలుగు దిక్కుల నుంచీ చేపలు వస్తుంటాయి.

పోల్చి చూస్తే:

- జల్లెడ వాదం ప్రాంతాల మధ్య తేడాలను బాగా వివరిస్తుంది. ఒకేలాంటి రెండు వాగుల తేడా దగ్గర తడబడుతుంది.
- పరస్పర చర్యల వాదం మడుగు స్థాయిలో బలంగా, నదీ పరీవాహకం స్థాయిలో బలహీనంగా ఉంటుంది.
- తటస్థ వాదం జాతుల సంఖ్యను పట్టుకుంటుంది. ఏ జాతి ఎక్కడ అన్నది దాని పరిధిలో లేదు.
- నదీజాల వాదం వలస అవకాశాన్ని లెక్కిస్తుంది. చేరిన చేప ఎందుకు నిలిచిందో చెప్పడానికి మళ్లీ మొదటి రెండింటి సాయం కావాలి.

మార్క్ వెల్లెండ్ 2010లో ఈ వాదాలన్నిటినీ నాలుగు ప్రక్రియలకు కుదించాడు: ఎంపిక, యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు, వలస, కొత్త జాతుల పుట్టుక. ఏ వాగులోనైనా నాలుగూ ఉంటాయి, మారేది పాళ్లే అన్నది ఈ చట్రం సారాంశం.

చిక్కుముడి ఎక్కడ ఉంది

వివాదం ఇన్నాళ్లు సాగడానికి సగం కారణం, వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టడం. మొదటిది, వరద లాంటి బయటి సంఘటన ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. రెండోది, పది చేపలున్న చిన్న మడుగులో ఏ కారణమూ లేకుండానే ఒక జాతి అంతరించిపోవడం. మూడోది, ముందు చేరిన జాతి తర్వాతి వాటికి తలుపు మూయడం. ఓటర్ క్రీక్ పేపర్ మాట్లాడింది ముఖ్యంగా మొదటిదాని గురించి. హబెల్ మాట్లాడింది రెండోదాని గురించి. ఒకరి సాక్ష్యంతో మరొకరిని ఖండించడం వల్ల తేలేదేమీ లేదు.

మొదటిదాంట్లోనే ఇంకో మెలిక ఉంది. ఒక్క వరద యాదృచ్ఛికం. వరదల తీరు పరిసరం. ఈ ఏడు డిసెంబరులో వరద వస్తుందా అన్నది ఎవరూ చెప్పలేరు. వందేళ్లలో డిసెంబరు వరదలు ఎన్ని వస్తాయో, వాటికి తట్టుకునే చేపలేవో చెప్పవచ్చు. గ్రాస్‌మన్ పన్నెండేళ్ల కిటికీలోంచి చూసి యాదృచ్ఛికం అన్నదాన్నే, పాఫ్, అలన్ ముప్ఫై నాలుగు చోట్లను పక్కపక్కన పెట్టి చూసి పరిసరం అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

రెండో చిక్కు లెక్కల్లో ఉంది. చేపల కూర్పులోని తేడాను పరిసరానికి ఇంత, దూరానికి ఇంత అని పంచే పద్ధతి 1992లో బొర్కార్, లెజాండ్ర్, డ్రాపో పేపర్‌తో వ్యాప్తిలోకి వచ్చింది. 2005లో కార్ల్ కోటెనీ రకరకాల జీవులకు చెందిన 158 దత్తాంశ సమూహాలను ఈ పద్ధతిలో పరిశీలించాడు. పరిసరానిదే పైచేయి అని తేలింది గానీ, సగటున దాదాపు సగం తేడాకు లెక్క దొరకలేదు. ఆ మిగిలిన సగం యాదృచ్ఛికం అనేయడం సులువు, తప్పు కూడా. అందులో కొలవని పరిసరం ఉండవచ్చు, వలకు చిక్కని చేపలు ఉండవచ్చు, లెక్క తప్పులూ ఉండవచ్చు. ఈ పద్ధతి పాళ్లను సరిగ్గా అంచనా వేయలేకపోతోందని 2010లో గిల్బర్ట్, బెనెట్ కృత్రిమ దత్తాంశాలతో చూపారు.

మన వైపు సాక్ష్యం

ఈ చర్చలో ఎక్కువ భాగం అమెరికా సమశీతోష్ణ వాగుల మీదే నడిచింది. భారతదేశానిది వేరే దారి. సుందర్‌లాల్ హోరా 1930లో కొండవాగు జీవుల అంటుకునే అవయవాల మీద విస్తారంగా రాశాడు. గర్రా చేపకు గడ్డం కింద ఉండే బిళ్ల, గ్లిప్టోథోరాక్స్ జెల్లకు రొమ్ము మీద ఉండే ముడతలు, బాలిటోరాల వెడల్పాటి రెక్కలు, అన్నీ ఉరవడిలో రాయిని కరుచుకుని ఉండడానికే. ఇంతకంటే గట్టి జల్లెడ సాక్ష్యం అరుదు. అదే హోరా, మలయా వైపు చేపల బంధువులు పడమటి కనుమల్లో ఎందుకున్నాయో చెప్పడానికి అవి సాత్పురా కొండల మీదుగా వచ్చాయన్న ప్రతిపాదన చేశాడు. ఆ సాత్పురా ప్రతిపాదన తర్వాత చాలా విమర్శకు గురైంది. అయినా శరీరాన్ని పరిసరంతో, ఉనికిని చరిత్రతో వివరించాలన్న ఆయన విభజన ఇవాళ్టికీ చెల్లుతుంది.

పడమటి కనుమల్లో దాదాపు మూడు వందల మంచినీటి చేప జాతులుంటే సగానికి పైగా మరెక్కడా లేనివి. అక్కడి వాగుల్లో ఆవాసానికీ కూర్పుకూ ఉన్న సంబంధాన్ని అరుణాచలం 2000లో పరిశీలించాడు. శరావతి, అఘనాశిని, బేడ్తి, కాళి నదుల్లో పరిసర క్రమాలను అనురాధా భట్ 2004లో విశ్లేషించింది.

తూర్పు కనుమల వాగులకు ఈ ప్రశ్న ఇంకా సూటిగా వర్తిస్తుంది. చాలా వాగులు వేసవికి విడివిడి మడుగులవుతాయి. తొలకరి తర్వాత నీరు కలిసి పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు మళ్లీ పరుచుకుంటాయి. ఎండాకాలంలో మడుగులో మిగిలిన కొద్ది చేపల మీద యాదృచ్ఛికతకు పట్టు ఎక్కువ ఉండాలి. వానాకాలంలో కలయిక ఆ తేడాలను చెరిపేయాలి. మధ్యలో చెక్‌డ్యామ్ వస్తే చెరిపేసే ఆ ఏర్పాటే తెగిపోతుంది. పెద్ద నదిలో అడ్డుకట్ట ఏం చేస్తుందో తెలుగువారికి పులస చెబుతూనే ఉంది: సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే ఆ చేప ప్రయాణానికి ధవళేశ్వరం ఆనకట్టే అడ్డు.

తేలనివి

మొదటిది, కఠిన పరిస్థితులు యాదృచ్ఛికతను పెంచుతాయా, తగ్గిస్తాయా? పెంచుతాయని గ్రాస్‌మన్ బృందం. 2007లో జొనాథన్ చేజ్ కృత్రిమ కుంటలతో చేసిన ప్రయోగంలో ఎండగట్టిన కుంటల కూర్పులు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. నీరున్న కుంటలు తలో దారి పట్టాయి. కరువు జల్లెడలా పనిచేసి కొద్ది జాతులనే మిగులుస్తుందని దీని అర్థం. కుంట వేరు, వాగు వేరు. వాగులో కరువు వడకడుతుంది, విడదీస్తుంది కూడా. ఏది ముందుంటుందో తేల్చే ప్రయోగాలు కావాలి.

రెండోది, అరుదైన జాతులు. రాహెల్ బృందం 1984లో లేవనెత్తిన ఇబ్బంది ఇప్పటికీ అలాగే ఉంది. వైవిధ్యంలో ఎక్కువ భాగం వాటిదే, కొలతల్లో ఎక్కువ పొరపాటూ వాటి దగ్గరే.

మూడోది, మనిషి. అదే రాహెల్ 2000లో అమెరికా రాష్ట్రాల చేపల జాబితాలను పోల్చాడు. యూరోపియన్లు స్థిరపడక ముందుకంటే ఇప్పుడు ఏ రెండు రాష్ట్రాలకైనా సగటున 15.4 జాతులు అదనంగా ఉమ్మడిగా ఉన్నాయి. ముఖ్య కారణం, వేటకూ తిండికీ తెచ్చి వదిలిన చేపలు. భారతదేశానికి మొజాంబిక్ తిలాపియా 1952లో వచ్చింది. దోమల నివారణకు తెచ్చిన గంబూసియా అంతకంటే పాతది. వలసను మనిషి చేతిలోకి తీసుకున్నాక పాత సిద్ధాంతాల్లో ఎన్ని నిలుస్తాయో చూడాలి.

తీర్పు

పరిసరమా, యాదృచ్ఛికమా అని అడగడం మానుకోవాల్సిన కాలం వచ్చింది. ప్రాంతం స్థాయిలో, ఏ రకం చేపలు బతకగలవన్న ప్రశ్నకు పరిసరమే ముఖ్య జవాబు. దీని మీద ఇప్పుడు పెద్ద విభేదం లేదు. ఒక వాగు ముక్కలో, ఒక ఏడాదిలో, ఏ జాతి ఎంత అన్న ప్రశ్నకు మాత్రం యాదృచ్ఛికత వాటా ఎక్కువ. వాగు ఎంత చిన్నదైతే, ఎంత ఒంటరిదైతే ఆ వాటా అంత పెరుగుతుంది. కాబట్టి ఒక్క ఏడాది సర్వే చూసి వాగు బాగుందనో చెడిందనో చెప్పే నివేదికను నమ్మకూడదు.

తెలుగు నేల మీది వాగులకు ఇక్కడ చేయాల్సిన పని ఖరీదైనదేమీ కాదు. అవే చోట్ల, అదే కన్ను వలతో, వానకు ముందూ వెనకా, ఏటేటా, చెక్‌డ్యామ్ కట్టకముందు నుంచీ చేపలను లెక్కించాలి. విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర శాఖలు తలా ఒక వాగును ఎంచుకుని పదేళ్ల పాటు వదలకుండా కొలిస్తే, ఈ వివాదంలో రుతుపవనాల వాగుల తరఫున మాట్లాడడానికి మన దగ్గర లెక్క ఉంటుంది.